ఆడేది మన పిల్లలు, ఆడించేదెవరు?

గత పక్షం కడియం సెంటర్లో ఒక ఫ్లెక్సీ వెలిసింది. ఒక కాలేజీ వాలీబాల్ జట్టు అంతర్ కళాశాలల పోటీల్లో కప్పు గెలిచిందని దాని సారాంశం. ఆ కాలేజీ పేరు మేం రాయడం లేదు. రాయాల్సిన పని కూడా లేదు, ఏ కాలేజీ ఫ్లెక్సీ అయినా ఇలాగే ఉంటుంది. పైన కప్పు పట్టుకుని నిలబడ్డ పన్నెండు మంది కుర్రాళ్ళు. కింద వరసలో కుర్చీల్లో కూర్చున్న ముగ్గురు: ఫిజికల్ డైరెక్టరు గారు, కోచ్ గారు, మేనేజరు గారు. కుర్రాళ్ళ కింద పేరూ, చొక్కా నెంబరూ. ఆ ముగ్గురి కింద మాత్రం చరిత్ర ఉంది. ఎం.పి.ఎడ్. చదివారనీ, ఎన్.ఐ.ఎస్. శిక్షణ పొందారనీ, యూనివర్సిటీకి ఆడారనీ, ఇన్నేళ్ళ అనుభవం ఉందనీ, ఫలానా ఫలానా జట్ల వెంట ఫలానా ఫలానా ఊళ్ళు వెళ్ళొచ్చారనీ.

పొద్దున్నే నర్సరీ పనికి వెళ్ళే మన ఆడాళ్ళు ఆటో కోసం నిలబడేది ఆ ఫ్లెక్సీ ముందే. కడియపులంక, బుర్రిలంక నర్సరీల్లో కవర్లలో మట్టి నింపి, అంట్లు కట్టి సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్ళు. వాళ్ళే ముందు గుర్తుపట్టారు. ఆ పన్నెండు మందిలో ఐదుగురు మన పేటల పిల్లలు. ఒకడిది దుళ్ళ, ఒకడిది జేగురుపాడు, ఒకడిది మా పేటే. ఒకావిడైతే కొడుకు బొమ్మ చూసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం మా పేట పెద్దాయన కర్ర పొడుచుకుంటూ చూడ్డానికి వచ్చాడు. రైల్వేలో గ్యాంగ్‌మేన్‌గా చేసి రిటైరైన మనిషి. కింద వరస చదివి పెట్టమన్నాడు. మాలో ఒక కుర్రాడు మొత్తం చదివి వినిపించాడు. అంతా విని, "బాగానే ఉంది గానీ ఒరే, ఆడికి సర్వీసు చెయ్యడం ఎవరు నేర్పారో రాశారేంటి?" అన్నాడు.

"లేదు తాతా."

"పోన్లే. చోటు చాలుండదు" అన్నాడు.

చోటు చాలకపోవడం గురించే ఈ నాలుగు మాటలు.

ఎందుకంటే ఆ కుర్రాడికి సర్వీసు నేర్పింది ఆ పెద్దాయనే. చర్చి వెనక ఖాళీ స్థలంలో రెండు కొబ్బరిచెట్లకి చేపల వల కట్టి, కాల్వ గట్టు మట్టి తెచ్చి పోసి, పాదంతో గీత గీసి, డ్యూటీ దిగొచ్చిన ప్రతి సాయంత్రం పేట పిల్లల్ని ఆడించాడు. వల ఎత్తు ఎంతుండాలో ఆయనకి కొలత తెలీదు. మగవాళ్ళ ఆటకి 2.43 మీటర్లని పుస్తకంలో ఉంటుంది. ఆయన చెయ్యి పైకెత్తి, ఆ పైన ఇంకో జానెడు లెక్కేసి కట్టేవాడు. మొన్న మేం టేపు పెట్టి చూస్తే రెండు వేళ్ళ తేడా వచ్చింది. అంతే.

ఇప్పుడు ఆ ముగ్గురి సంగతి. మేం వాళ్ళని తప్పుపట్టడానికి కూర్చోలేదు. వాళ్ళూ ఎండలో నిలబడ్డవాళ్ళే, పరీక్షలు రాసినవాళ్ళే. కాకపోతే వాళ్ళ ఫొటోల కింద రాసిన ఆ నాలుగు లైన్లని మనం నాలుగు లైన్లలా కాక నిచ్చెనలా చదవాలి. కోచ్ అనేవాడు ఊడిపడడు. ముందు స్కూల్లో ఆడాలి. తర్వాత కాలేజీకి, ఆ తర్వాత యూనివర్సిటీకి ఆడాలి. ఆడినట్టు సర్టిఫికెట్ చేతికి రావాలి. డిగ్రీ అయ్యాక బి.పి.ఎడ్. రెండేళ్ళు, తర్వాత ఎం.పి.ఎడ్. ఇంకో రెండేళ్ళు. లేదంటే పాటియాలా వెళ్ళి జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా చెయ్యాలి. 1961లో పాటియాలా మహారాజు మోతీబాగ్ ప్యాలెస్‌లో పెట్టిన సంస్థ అది. 'ఎన్.ఐ.ఎస్.' అని ఫ్లెక్సీ మీద వేసుకునేది దాన్నే. ఇన్ని మెట్లు ఎక్కాక అప్పుడు కాలేజీలో ఉద్యోగం మాట.

మన పిల్లలు ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నారు? ఆట దగ్గర కాదు. ఆటలో ఆగిపోతే ఆ పన్నెండులో ఐదుగురు ఎలా ఉంటారు? ఆగేది సర్టిఫికెట్ దగ్గర, డిగ్రీ అయిన మర్నాడు. టోర్నమెంటు అయిపోయాక సర్టిఫికెట్ కాలేజీ బీరువాలో ఉండిపోతుంది. అడగాలని తెలిసినవాడికి వస్తుంది, తెలీనివాడికి రాదు. డిగ్రీ అయ్యాక ఇంకో నాలుగేళ్ళు చదువుకోమంటే ఇంట్లో తల్లి మట్టి కవర్ల కూలి మీద ఆ నాలుగేళ్ళు ఎలా గడుస్తాయి? కుర్రాడు నర్సరీ లారీ ఎక్కుతాడు, లేదంటే హైదరాబాదు బస్సెక్కుతాడు. అక్కడితో వాడి ఆట చరిత్ర ముగుస్తుంది. వాడి పక్కన సెట్టర్‌గా ఆడిన ఊళ్ళో కుర్రాడు, వాడికంటే తక్కువ ఆడినవాడు, ఆరేళ్ళు తిరిగేసరికి మెళ్ళో విజిల్ వేసుకుని వస్తాడు. మోసం చేసి రాలేదు. ఆ ఆరేళ్ళూ వాడింట్లో అన్నం ఉంది. అంతే తేడా.

జీతం తీసుకుంటూ ఆడే ఆట వేరు, కూలి మానుకుని ఆడే ఆట వేరు. పి.వి. సింధు తండ్రిగా ఇవాళ చిన్నపిల్లలకి కూడా తెలిసిన పి.వి. రమణ గారు వాలీబాల్ ఆటగాడు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన భారత జట్టులో ఆడారు, 2000లో అర్జున అవార్డు వచ్చింది. ఆయన రైల్వే ఉద్యోగి. సింధు తల్లి విజయ గారు కూడా వాలీబాలే ఆడారు. ఆట ఉద్యోగం ఇచ్చింది, ఉద్యోగం ఇంటికి నిలకడ ఇచ్చింది, ఆ ఇంట్లోంచి రెండో తరం ఒలింపిక్స్‌కి వెళ్ళింది. ఇందులో తప్పేం లేదు, సంతోషమే. ఆటతో వచ్చిన ఉద్యోగం ఒక ఇంటిని ఎక్కడిదాకా తీసుకెళ్తుందో చెప్పడానికే ఇది రాశాం. మా పెద్దాయనదీ రైల్వే ఉద్యోగమే. సుత్తి పట్టుకుని పట్టాల వెంట నడిచే ఉద్యోగం. ఐదో తరగతి చదువు. ఫ్లెక్సీ వాళ్ళ పద్ధతిలోనే ఆయన చరిత్ర రాస్తే ఇలా ఉంటుంది: గ్యాంగ్‌మేన్, రిటైర్డ్. రాజమండ్రి రైల్వే క్వార్టర్ల దగ్గర సాయంత్రాలు చూసి నేర్చుకున్నాడు. ఇరవై ఏళ్ళు పైగా పేట పిల్లలకి జీతం లేని కోచ్. శిష్యుల్లో కాలేజీలకి ఆడినవాళ్ళు చాలామంది, కానిస్టేబుళ్ళయినవాళ్ళు కొందరు, కోచ్ అయినవాడు ఒక్కడూ లేడు.

ఆ చివరి మాట రాసుకుంటుంటే మాకే సిగ్గేసింది.

ఈ ఆట ఎక్కడ పుట్టిందో కూడా మన కుర్రాళ్ళకి తెలియాలి. 1895లో అమెరికాలో హోల్యోక్ అనే ఊళ్ళో వై.ఎం.సి.ఏ.లో ఫిజికల్ డైరెక్టరుగా ఉన్న విలియం మోర్గాన్ దీన్ని తయారుచేశాడు. అంతకు నాలుగేళ్ళ ముందు వచ్చిన బాస్కెట్‌బాల్లో ఒంటికి ఒళ్ళు తగిలి గుద్దుకోవడం ఎక్కువ, వయసు మళ్ళిన వ్యాపారస్తులకి అది కష్టం. అందుకని మధ్యలో నెట్టు కట్టి అటొక జట్టు, ఇటొక జట్టు నిలబడే ఆట పెట్టాడు. మన కాలేజీల్లో 'పీడీ గారు' అంటామే, ఆ ఫిజికల్ డైరెక్టరన్న హోదా వై.ఎం.సి.ఏ. వాళ్ళు వాడినదే. 1920లో మద్రాసులో హెచ్.సి. బక్ అనే అమెరికన్ వై.ఎం.సి.ఏ. తరఫునే వ్యాయామ శిక్షణ కళాశాల పెట్టాడు. తర్వాత దక్షిణాదిలో వ్యాయామ ఉపాధ్యాయులు చాలామంది అక్కడ చదివి వచ్చినవాళ్ళే.

నెట్టు సంగతి వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. చెడుగుడులో మనిషిని మనిషి పట్టుకోవాలి, కింద పడెయ్యాలి, మీద పడాలి. వాలీబాల్లో ఆ బాధ లేదు. ఊళ్ళోవాళ్ళ జట్టు పేట జట్టుతో ఆడటానికి ముందుగా ఒప్పుకున్నది అందుకే ఈ ఆటకేనేమోనని మా పెద్దలు నవ్వుకుంటారు. బంతి మాత్రం మన చేతుల్లోంచే అటు వెళ్ళేది. దాని మీద ఎవరూ నీళ్ళు చల్లుకోలేదు.

"ఆటల్లోకి కూడా కులాన్ని తెస్తారా?" అని మనల్ని అడిగేవాళ్ళున్నారు. తెచ్చింది మనమా? 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్లో ఆడపిల్లల హాకీ జట్టు ఓడిపోయిన రోజు, హరిద్వార్ దగ్గర వందనా కటారియా ఇంటి ముందు టపాసులు కాల్చి కులం పేరుతో తిట్టారని ఆ కుటుంబం పోలీసులకి ఫిర్యాదు చేసింది. అంతకు నాలుగు రోజుల ముందే ఆ పిల్ల దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఇంకా వెనక్కి వెళ్దాం. పల్వంకర్ బాలూ పేరు విన్నారా? చమార్ కులంలో పుట్టినవాడు. పూనా క్లబ్బులో నెలకి నాలుగు రూపాయల జీతానికి పిచ్ దున్ని, నీళ్ళు పెట్టి, రోలరు లాగినవాడు. నెట్స్‌లో తెల్లదొరలకి గంటల తరబడి బంతులు వేసేవాడు. అంటే వాళ్ళకి బ్యాటింగ్ నేర్పినవాడన్నమాట, పేరు మాత్రం నౌకరు. తర్వాత హిందువుల జట్టుకి బౌలరు కావాల్సొచ్చి తీసుకున్నారు. మైదానంలో అతని చేతి బంతి కావాలి, టీ మాత్రం బయట మట్టి ముంతలో. 1911లో ఇంగ్లండు వెళ్ళి 114 వికెట్లు తీశాడు. అయినా హిందువుల జట్టుకి కెప్టెన్‌ని చెయ్యలేదు. అతని తమ్ముడు విఠల్‌కి ఆ గౌరవం దక్కేసరికి 1923 వచ్చింది. ఆడటానికి పనికొచ్చినవాడు నడపడానికి ఎందుకు పనికిరాలేదు? నూరేళ్ళ కిందటి ఆ ప్రశ్నే ఇవాళ మన ఫ్లెక్సీ కింద వరసలో కూర్చుంది.

ఇక అవార్డు సంగతి. 1985 అంటే మనకి కారంచేడు. ఆ జులై 17ని మనం మర్చిపోలేదు, మర్చిపోము. అదే సంవత్సరం దేశంలో గొప్ప కోచ్‌లకి ఇచ్చే అవార్డు ఒకటి కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టి, దానికి ద్రోణాచార్య అని పేరు పెట్టింది. దేశంలో ఇంకే గురువూ దొరకలేదు. చెప్పకుండానే విద్య నేర్చుకున్న బోయ పిల్లాడి దగ్గర బొటనవేలు దక్షిణగా కోయించుకున్న గురువే దొరికాడు. పోనీ ఏకలవ్యుణ్ణి మర్చిపోయారా అంటే అదీ లేదు. కర్ణాటకలో, మధ్యప్రదేశ్‌లో ఆటగాళ్ళకిచ్చే అవార్డులకి ఏకలవ్య పేరుంది. ఆడేవాడికి ఏకలవ్యుడి పేరు, నేర్పేవాడికి ద్రోణుడి పేరు. ఎవరి చోటు ఎక్కడో ఎంత చక్కగా సర్దారో చూడండి.

వాలీబాల్లో ద్రోణాచార్య తీసుకున్నవాళ్ళలో ఎ. రమణారావు గారున్నారు, 1990లో. ఎం. శ్యామసుందరరావు గారున్నారు, 1995లో. ఇద్దరూ అంతకుముందే ఆటగాళ్ళుగా అర్జున అందుకున్నవాళ్ళు. కోర్టులో నిలబడి, తర్వాత కోర్టు పక్కన నిలబడి దేశం జట్టుని నడిపినవాళ్ళు. వాళ్ళ ఆట మీద మాకు గౌరవం ఉంది. మా పేచీ అవార్డు పేరుతో. పేరు మార్చడం కుదరదని ఎవరూ అనొద్దు. 2021 ఆగస్టులో ఖేల్‌రత్న అవార్డుకున్న రాజీవ్ గాంధీ పేరు తీసి ధ్యాన్‌చంద్ పేరు ఒక్క రోజులో పెట్టారు. మనసుంటే అవుతుంది.

అయితే మనవైపు లెక్క కూడా చూసుకోవాలి. ప్రతి ఏప్రిల్ 14కీ మన పేటల్లో అంబేద్కర్ జయంతి వాలీబాల్ టోర్నమెంట్లు పెడుతున్నాం. మొదటి బహుమతి ఇంత, రెండో బహుమతి ఇంత, షామియానా, మైకు సెట్టు, రిబ్బను కట్ చెయ్యడానికి ఊళ్ళో నాయకుడు. ఆయన ఒక సర్వీసు కొడతాడు, అది నెట్టుకి తగులుతుంది, అందరం చప్పట్లు కొడతాం. ఇన్నేళ్ళుగా ఇంత డబ్బు ఖర్చుపెట్టిన మనం ఒక్క కుర్రాణ్ణయినా పాటియాలా పంపామా? అక్కడ డిప్లొమాయే కాదు, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది. రైలు టికెట్టూ, ఫీజూ, తిండీ కలిపినా మన షామియానాలూ మైకుల ఖర్చుకి ఎంత దూరం? మన పెద్దలకి ఆట అంటే కానిస్టేబుల్ సెలక్షన్. కుర్రాడు బాగా ఆడితే "పోలీసైపోతాడు" అంటాం. "పీడీ అవుతాడు" అని ఎప్పుడైనా అన్నామా? నేర్పేవాడి కుర్చీ మనది కాదని ఎవరూ మనకి నోటితో చెప్పలేదు, మనమే నమ్మేశాం.

ఆడపిల్లల సంగతి ఇంకా దారుణం. మన పేట అమ్మాయిలు హైస్కూల్లో బాగా ఆడతారు. కాలేజీకి వచ్చేసరికి ఆపేస్తారు. తల్లుల్ని అడిగితే కారణం ఒకటే: "వేరే ఊరు ఆటకి తీసుకెళ్ళేది మగాళ్ళండీ, ఎలా పంపుతాం?" ఆ భయాన్ని మేం కొట్టిపారెయ్యం. వాళ్ళకి లోకం తెలుసు. ఆడపిల్లల జట్టు వెంట ఆడ కోచ్, ఆడ మేనేజరు ఉండాలని కాలేజీని నిలదీసి అడగాలి. ఆ కోచ్ మన పేట అమ్మాయే ఎందుకు కాకూడదు? ఇంటి అప్పు తీరుద్దామని కువైట్, మస్కట్ విమానం ఎక్కే ధైర్యం ఉన్న మన ఆడాళ్ళకి విజిల్ పట్టుకోవడం ఒక లెక్కా?

తెలుసుకోవాల్సిన సంగతులు ఇక్కడ రాస్తున్నాం, చదువుకున్న కుర్రాళ్ళు పేటలో చదివి వినిపించండి. బి.పి.ఎడ్.లో చేరడానికి పీసెట్ ఉంటుంది. దాంట్లో రాతపరీక్ష లేదు. పరుగు, గుండు విసరడం, జంపు, తర్వాత ఆటలో నైపుణ్యం చూస్తారు. అంటే మన పిల్లలు రోజూ చేసే పనే. కాలేజీలో ఫిజికల్ డైరెక్టరు కావాలంటే యూజీసీ 2018లో పెట్టిన నిబంధనల ప్రకారం వ్యాయామ విద్యలో పీజీ, 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకి అందులో 5 శాతం సడలింపుంది. నెట్ పరీక్ష నెగ్గాలి. కాలేజీకో యూనివర్సిటీకో ఆడినట్టు ఆధారం ఉండాలి, బీరువాలో వదిలేసిన ఆ సర్టిఫికెట్ విలువ ఇక్కడ తెలుస్తుంది. ఒంటికి పరీక్ష కూడా ఉంది: ముప్పై ఏళ్ళలోపు మగవాళ్ళు 12 నిమిషాల్లో 1800 మీటర్లు పరిగెత్తో నడిచో వెళ్ళాలి. మా పేట నుంచి కడియం రైలు స్టేషనుకి రోజూ పరుగున పోయి బండెక్కే కుర్రాడికి అదేం పెద్ద పని కాదు. బళ్ళల్లో అయితే పీఈటీ పోస్టులున్నాయి. మెగా డీఎస్సీ అని 2024లో ప్రకటించిన 16,347 పోస్టుల్లో పీఈటీలవి 132. స్కూల్ అసిస్టెంట్లలో వ్యాయామ విద్య పోస్టులు వేరే.

మిగిలింది కాలేజీల సంగతి. ప్రైవేటు కాలేజీల్లో ఉద్యోగాలకి రిజర్వేషన్ లేదు. కొన్నిచోట్ల పీడీ అంటే యాజమాన్యం చుట్టాలబ్బాయి, మరికొన్నిచోట్ల లెక్కలు చెప్పే మాస్టారే సాయంత్రం విజిల్ ఊదుతాడు. ఎయిడెడ్ కాలేజీల్లో రోస్టర్ అనేది ఉండేది. 2021లో చాలా చోట్ల ఆ ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వం తీసేసుకున్నాక ఆ దారీ సన్నబడింది. ఇక అడగగలిగినవి ప్రభుత్వ కాలేజీలు, యూనివర్సిటీ. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు చాలు, దారిద్ర్యరేఖకి దిగువనున్నవాళ్ళకి అదీ అక్కర్లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. కాలేజీని అడగండి: పీడీ పోస్టు మంజూరైందా, భర్తీ చేశారా, రెగ్యులరా కాంట్రాక్టా గెస్టా, రోస్టర్లో ఎవరి వంతు? ఆదికవి నన్నయ యూనివర్సిటీని అడగండి: గత పదేళ్ళలో సౌత్ జోన్ పోటీలకి వెళ్ళిన మీ వాలీబాల్ జట్ల వెంట కోచ్‌లుగా, మేనేజర్లుగా ఎవరెవరిని పంపారు, వాళ్ళని ఏ పద్ధతిలో ఎంపిక చేశారు? జవాబులొస్తే మాకు పంపండి, ఈ పత్రికలోనే అచ్చు వేస్తాం. మంచి జవాబులొచ్చినా వేస్తాం.

మా పేటలో వచ్చే ఏప్రిల్ టోర్నమెంటు గురించి మొన్న ఆదివారం కూర్చుని మాట్లాడుకున్నాం. షామియానా వద్దనుకున్నాం. ఆ డబ్బుతో ఫ్లెక్సీలో ఉన్న మన కుర్రాడికి డిగ్రీ అయ్యాక ఆరు వారాల కోర్సుకి సాయం చేద్దామనుకున్నాం. వాడి తల్లి ముందు ఒప్పుకోలేదు, "ఆరు వారాలు కూలి ఎవడిస్తాడు?" అంది. దానికి ఇంకా జవాబు దొరకలేదు, చందాలు వేస్తున్నాం. కుర్రాళ్ళేమో పెద్దాయన బొమ్మతో ఒక ఫ్లెక్సీ వేద్దామన్నారు, కింద ఆయన చరిత్ర నాలుగు లైన్లు రాసి. ఆయన ఒప్పుకోలేదు. ఫ్లెక్సీ ఎంతవుతుందని అడిగి, ఆ డబ్బుతో రెండు బంతులు కొని, వల స్థానంలో మంచి నెట్టు కట్టమన్నాడు. రెండు వేళ్ళు కిందకి దించి కట్టమని కూడా చెప్పాడు.